చిన్నమ్మకు నేను చెప్పిన అర్థం

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు సంఘం మీటింగులో ఒక అమ్మాయి నన్ను స్వీట్ అంది. నాకు అరవై నాలుగేళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి, రిటైరై, అనంతపురంలో ఈ మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాను. మా లిఫ్టులో ఈమధ్య ఒక కాగితం అతికించారు. పనివాళ్ళు, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు మెట్లెక్కి రావాలనీ, దీస్ పీపుల్ లిఫ్టును పాడు చేస్తున్నారనీ దాని సారాంశం. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు నా వయసే, నాకున్నట్టే మోకాళ్ళ నొప్పి. అందుకని మీటింగులో లేచి నిలబడి, ఆ కాగితం తీసెయ్యండి, లిఫ్టు మనుషుల కోసమే కదా పెట్టుకున్నాం అని తెలుగులో చెప్పాను. బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పనిచేసే అమ్మాయి మా సంఘానికి సెక్రటరీ. ఆ అమ్మాయి తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు చిన్నవి చేసి, "ఆంటీ ఈజ్ సో స్వీట్" అంది. అందరూ సంతోషంగా నవ్వారు. తర్వాత బండ్లు పెట్టుకునే చోటు గురించి మాట్లాడుకున్నారు. నా మాట అంతటితో అయిపోయింది. కోపం ఎక్కడ వస్తోందంటే, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుంటే పాలు పొంగి పొయ్యి పాడైంది. పొయ్యి తుడుస్తూ ఆ మాట గురించే ఆలోచించాను. ఎన్ని వందలమంది పిల్లల చేత స్వీట్, స్వీటర్, స్వీటెస్ట్ అని చదివించాను. చక్కెర స్వీటు, బెల్లం స్వీటు అని ఉదాహరణలు చెప్పాను. అదే మాటను తల వాల్చి మనిషి మీద వేస్తే ఆ మనిషి చెప్పిందంతా చెత్తబుట్టలోకి పోతుందని ఏ పాఠంలోనూ చెప్పలేదు. మా వైపు తిట్లు అట్లా ఉండవు. మా నాయన నన్ను మొద్దుముఖమా అని తిడితే వీధి చివర ఉన్నవాళ్ళకు కూడా నేను మొద్దునని తెలిసేది. తిట్టిన నోటితోనే అన్నం తిని పో అనేవాడు. పక్కింటి కన్నడం అవ్వ కన్నడంలో తిట్టేది, ఎదురింటి దర్జీ తాత ఉర్దూలో తిట్టేవాడు, ఎవరు ఎవరిని ఎందుకు తిడుతున్నారో అందరికీ అర్థమయ్యేది. తిట్టించుకున్నవాడు తిరిగి తిట్టవచ్చు, ఆ సౌకర్యం ఉండేది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ దగ్గర ఆ సౌకర్యం లేదు. సింపుల్ అంటారు, ఇన్నోసెంట్ అంటారు, దీస్ పీపుల్ అంటారు. ఒక్కటీ బూతు కాదు. తెలుగులో పెట్టి చూస్తే మంచివాళ్ళు, అమాయకులు, ఈ జనం అని వస్తుంది. తిట్టు ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేం. తిరిగి తిడితే మనమే మర్యాద తెలియనివాళ్ళమవుతాం.

ఆ మాట నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళ కిందట మా చిన్నమ్మను అన్నారు. అప్పుడు పక్కన నిలబడి దానికి అర్థం చెప్పింది నేనే.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. కంబదూరు పక్కన ఒక పల్లెకు ఇచ్చారు. ఆమె నోటికి ఊరంతా జడుసుకునేది. నా పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకును కిందికీ పైకీ చూసి, "ఏమప్పా, జ్వరమొచ్చి లేచినావా?" అని అందరిముందూ అడిగింది. మా ఆయన ఆ ప్రశ్నను ఇప్పటికీ నాకు అప్పజెబుతుంటాడు. పైకి గరుకుగా ఉండేది గానీ పనిలో ఆమెకు ఉన్న ఓపిక నేను మరెవరి దగ్గరా చూడలేదు. వాళ్ళ చేనులో ఒక మూల, బోరు కింద, నలభై చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, పెట్టింది. మొదటి రెండేళ్ళు బిందెలతో నీళ్ళు మోసి వాటిని నిలబెట్టింది. ఒక్కో చెట్టుకు ఒక్కో తిట్టు పేరు. ఆలస్యంగా చిగురించేది సోమరిది. గాలికి కూడా ఆకు కదపనిది మూగది. నిండా పూత పూసి, తీరా చూస్తే నాలుగు కాయలు కూడా నిలుపుకోనిది నంగనాచి. వేసవి సెలవుల్లో నేను పోతే ముందు నాకు మజ్జిగ ఇచ్చి, తర్వాత చెట్ల దగ్గరికి తీసుకుపోయి ఒక్కోదాని మీదా చాడీలు చెప్పేది. కాపుకొచ్చిన నాలుగో ఏడు నుంచి బోరులో నీళ్ళు తగ్గడం మొదలైంది. చిన్నమ్మ తిట్లు తగ్గాయి. అది మంచి లక్షణం కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడే ఒక ప్రాజెక్టు వాళ్ళు వచ్చి, ఊరి వంకకు అడ్డంగా చెక్‌డ్యాం కడతామన్నారు. వంకలో నీళ్ళు నిలబడితే కింది బోర్లు ఊరతాయి, చీనీ చెట్లు బతుకుతాయి. చిన్నమ్మకు అంతకంటే కావలసింది లేదు. చోటు చూడటానికి ఎక్కడో ఉత్తరాదినుంచి ఒక పెద్దమేడమ్ వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. సెలవులకు వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ ఉందని ఊరివాళ్ళు నన్ను పిలుచుకుపోయారు. ఇంజనీరు మా వైపువాడే. రోడ్డు వంకను దాటే చోట, జీపు దిగినచోటికి పది అడుగుల దూరంలో, అప్పటికే సున్నంతో గీత గీయించి పెట్టాడు. చిన్నమ్మ ఆ గీతను చూసి కొంగు నడుముకు చుట్టింది.

"సారూ, నీళ్ళు ఈడికి రావప్పా. పెద్దవాన పడితే ఆ పైన మలుపు కాడ్నే గట్టు తెంచుకొని ఎడంపక్క చేలల్లోకి పోతాయి. నేను కాపురానికొచ్చినప్పటి నుంచి చూస్తాండా. ఈడ కడితే మీకు గోడ మిగుల్తాది, మాకు ఇసుక మిగుల్తాది. మలుపుకు పైన రెండు బండలుండాయి, ఆడ కట్టండి" అంది.

అంతటితో వదల్లేదు. ఇసుకలో పుల్లతో వంకను గీసింది. అందరినీ ఎండలో మలుపుదాకా నడిపించి, కంపచెట్లకు చిక్కుకున్న పాత చెత్తను చూపించి, నీళ్ళు ఏ ఎత్తున ఏ పక్కకు పోయాయో చెప్పింది. అరగంట మాట్లాడి ఉంటుంది. నేను ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్ నల్లకళ్ళద్దాలు జుట్టు మీదికి తోసుకుని అంతా విన్నది, తల ఒక పక్కకు వాల్చింది, "షి ఈజ్ సో స్వీట్" అంది. దీస్ పీపుల్ ఆర్ సో సింపుల్, వాళ్ళ కథలంటే వాళ్ళకు ఎంత ప్రేమో అని ఇంజనీరుతో అంది. చిన్నమ్మ చెప్పింది తెలుగులోనే పూర్తిగా అర్థమైనవాడు ఆ ఇంజనీరు. అతనూ నవ్వాడు. తర్వాత మేడమ్ నావైపు తిరిగి, నీ ఇంగ్లీషు చాలా బాగుందే అంది. నేను మెలికలు తిరిగిపోయాను. ఒక టీచరుకు ఆమె చదువు ఆమెకు వచ్చని చెప్పడం మెప్పుదల కాదని నాకు తట్టనే లేదు. వారం రోజులు ఆ మాట తలుచుకుని మురిశాను. ఎవరి స్వీటు వాళ్ళకు పంచి జీపెక్కింది ఆవిడ.

చిన్నమ్మ నా కొంగు లాగింది. "ఏమంటాంది పాపా ఆయమ్మ? స్వీటు అన్నెట్ల వినపడె." కళ్యాణదుర్గం బస్టాండులో మిఠాయి అంగడి బోర్డు మీది మాట అది, ఆమెకు తెలుసు. నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఉన్నదున్నట్టు చెబితే ఎండలో అంత దూరం నడిచిన మనిషి మనసు కష్టపడుతుందనుకున్నాను. మెప్పు పొందిన సంతోషంలో గొడవెందుకులే అని కూడా అనుకున్నాను, ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలి.

"నీ మాట తియ్యగా ఉందంట చిన్నమ్మా. బాగా చెప్పావంటున్నారు" అన్నాను.

"నా మాట తియ్యగుండాదా? ఆయమ్మకు చెవులు బాగుండాయా?" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "పోనీలే, మాట పట్టించుకున్న్యారు. అది చాలు" అంది. నడుముకు చుట్టిన కొంగు విప్పి ఇంటికి పోయింది.

మరుసటి రోజు తెల్లారేసరికి బెల్లం పాకం పట్టి, చెనిక్కాయ విత్తనాలు, అదే వేరుశనగ పలుకులు, వేసి, స్టీలు డబ్బా నిండా ఉంటలు చేసింది. తన మాట తియ్యగా ఉందన్న మనిషికి నోరు తీపి చేయాలట. ఆ రోజు కూడా వస్తామని చెప్పిన జీపు వచ్చేదాకా రోడ్డుమీద నిలబడి డబ్బా చేతికిచ్చింది. మేడమ్ ఒక ఉంట కొరికి, మళ్ళీ అదే తల వాల్పుతో, "ఓ, సో స్వీట్" అంది. చిన్నమ్మ నావైపు చూసి, "చూస్తివా, మల్లా అనె" అంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను ఎక్కువసార్లు చూడలేదు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

సెలవులైపోయి నేను వచ్చేశాను. సున్నం గీత దగ్గరే పునాది తవ్వుతుంటే చిన్నమ్మ పోయి అడిగిందట. ముందు ఈడ ఒకటి, తర్వాత పైన ఒకటి అన్నాడట ఇంజనీరు. మామూలుగా అయితే ఆ మాట విని ఊరుకునే మనిషి కాదు. కానీ పెద్దమేడమ్ ఆమె మాటను మెచ్చుకుందని నేను చెప్పాను కదా, పైన కూడా కడతారని నమ్మింది. గోడ లేచింది, దానికొక రాయి పాతారు, ఫొటోలు తీసుకున్నారు, జీపు మళ్ళీ రాలేదు. మొదటి పెద్దవానకు వంక మలుపు దగ్గరే గట్టు తెంచుకుని ఎడంపక్కకు పోయింది. గోడ దగ్గర పాదం తడిసేటన్ని నీళ్ళు కూడా రాలేదు. మూడు వేసవుల్లో చెట్లు ఎండిపోయాయి. ముందు సోమరిది, తర్వాత మూగది. నంగనాచి అన్నిటికంటే చివర పోయిందని, పోయే ఏడు కూడా పూత పూసిందని చిన్నమ్మ చెప్పింది. నరికి పొయ్యిలోకి వాడుకున్నారు. ఆ తర్వాత ఏ పెళ్ళిలో కలిసినా, "ఆయమ్మ మంచిదే పాపా, నా మాట ఇనె. ఆ ఇంజనీరే చెడగొట్టినాడు" అనేది. నేను విస్తరాకులోకి చూస్తూ తినేదాన్ని.

ఆదివారం నన్ను స్వీట్ అన్నారు, మంగళవారం పొద్దున కంబదూరు బస్సెక్కాను. చిన్నమ్మ వాకిట్లో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. చూపు తగ్గింది, చేతులకు తగ్గలేదు. పక్కన కూర్చుని నేనూ ఒలుస్తూ ముందు లిఫ్టు సంగతి చెప్పాను. తర్వాత, ఆ రోజు వంకలో మేడమ్ అన్న మాటకు నేను అర్థం తప్పు చెప్పానన్నాను.

"తప్పంటే? స్వీటంటే తీపి కాదా?"

"తీపే. కానీ చిన్నపిల్లలు వచ్చీరాని మాటలు చెబితే, ముద్దుగా చెప్పావులే, పోయి ఆడుకో అంటామే. ఆ తీపి."

ఆమె చేతులు ఆగిపోయాయి. "అంటే ఆయమ్మ నా మాట ఇనలేదు."

"వినలేదు."

"ఆ పొద్దే చెప్పింటే ఆ సున్నం గీత మీద పండుకునేదాన్ని కదే. గోడ నామీద కట్టుకోండప్పా అనేదాన్ని." అన్నంతపనీ చేసేది. నాకు తెలుసు, ఊరికి తెలుసు.

"నువ్వు బాధపడతావని, చిన్నమ్మా" అన్నాను.

"నలభై చెట్లు నరికినా. అది బాధ కాదా?" అంది. "ఆయమ్మకు నేనెవరో తెల్దు. తెలీక తక్కువ చేసింది. నువ్వు తెలిసి తక్కువ చేసినావు. ఒక మాట తట్టుకోలేని దాన్ననుకున్న్యావు."

ఒలిచిన పొట్టంతా నా ఒళ్ళో ఉంది. దులుపుకోవడానికి కూడా చేతులు రాలేదు. మేడమ్ మీద, సెక్రటరీ అమ్మాయి మీద మూడు రోజులుగా కూడబెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిన్నమ్మ మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"ఆ లిఫ్టులో కాగితం తీసేసినారా?"

"లేదు."

"నువ్వేం చేసినావు?"

"అందరితో పాటు నవ్వాను."

చిన్నమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "నంగనాచి" అంది. ఆ మాటకు నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం పెట్టింది, రెండోసారి వడ్డించింది, కానీ బస్సుదాకా రాలేదు. ఎప్పుడూ వచ్చేది.

బస్సు వంక దాటుతుంటే చెక్‌డ్యాం కనబడింది. గోడమీద ఎవరో మిరపకాయలు ఎండేసుకున్నారు. సాయంత్రం అపార్టుమెంటుకు వచ్చి, లిఫ్టులో ఆ కాగితాన్ని గోటితో గీకి, ఊడబెరికి సంచిలో వేసుకున్నాను. వచ్చే మీటింగులో నన్నేమంటారో తెలియదు గానీ, స్వీట్ మాత్రం అనరు. దానితో చీనీ చెట్లేమీ లేచి రావు. నలభై చెట్లు ఎండిపోవడానికి మూడు వేసవులు చాలాయి. ఒక్క మాటకు సరైన అర్థం చెప్పడానికి, ఇంగ్లీషు టీచరునై ఉండి, నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.