చింతచేవ పిడులు

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. అననివ్వండి. యలమందయ్య పెట్టెలో ఉన్నలాంటి ఉలులు పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా ఏ వడ్రంగి దగ్గరా లేవు. ఎందుకు లేవంటే, అవి ఈ ఖాజావలి చేసినవి కాబట్టి.

మా నాన్న దూదేకేవాడు. ఆ పనిని మెషీన్లు మింగేశాక నేను పేటలో లారీల కమాను పట్టీలు సరిచేసే షాపులో చేరి, కొలిమి దగ్గరే జుట్టు నెరిపించుకున్నాను. విరిగిన కమాను పట్టీ ఉంది చూశారూ, అంతకు మించిన ఉక్కు ఈ లోకంలో లేదు. మంచి ముక్క చేతికొచ్చినప్పుడల్లా దాచి, నా స్నేహితుడు యలమందయ్యకి ఒక ఉలి కొట్టిచ్చేవాణ్ణి. వెడల్పాటిది ఒకటి, చిటికెనవేలంత సన్నది ఒకటి, బెజ్జాలు కొట్టడానికి మందంగా ఒకటి, పువ్వులు చెక్కడానికి దోనెలా వంపు తిరిగింది ఒకటి, అలా ఏళ్ల తరబడి పెట్టె నిండింది. అంచుకి ఎండుగడ్డి రంగు రాగానే ఉలిని నిప్పుల్లోంచి తీసి నూనెలో ముంచాలి. కాస్త ఆలస్యమైతే మెత్తబడుతుంది, తొందరపడితే పెళుసెక్కుతుంది. నా ఉలి మెత్తబడిందని ఎవడైనా అంటే వాడితో నేను మాట్లాడను.

పిడులు మాత్రం యలమందయ్యే చింతచేవతో చేసుకున్నాడు. దెబ్బకి పగలకుండా ప్రతి పిడికీ పైన ఇత్తడి పొన్ను తొడిగాడు. పెట్టె కూడా వాడి చేతిదే. టేకు చెక్క, ఎక్కడా మేకు లేదు. మూలల దగ్గర చెక్కలు వేళ్లలో వేళ్లు పెట్టినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. లోపల ఏ ఉలి గాడి దానిదే. మూత గడియని మిరపకాయలా చెక్కాడు, తొడిమతో సహా.

"గడియకి మిరపకాయేంట్రా?" అంటే, "ముట్టుకున్నోడికి మండాలి" అన్నాడు.

మా అమ్మాయి సాజిదా పెళ్లినాడు యలమందయ్య నలుగురిలో లేచి నిలబడి, "నువ్వు ఇల్లు కట్టుకున్ననాడు సింహద్వారం గుమ్మం ఈ బాబాయిదేనమ్మా. నా చేత్తో చేసిస్తా" అని మాటిచ్చాడు. ఈ ఏడాది సాజిదా ఇంటికి పునాది పడింది. ఆషాఢంలో యలమందయ్యకి పక్షవాతం వచ్చింది. కొన్నాళ్లకి మాట తిరిగొచ్చింది, కాలు కొంచెం లాగినా నడిచాడు, కుడిచెయ్యి మాత్రం చచ్చుపడిపోయింది. అన్నం ముద్ద కూడా ఎడంచేత్తోనే.

మార్గశిరం వచ్చేసరికి గోడలు లేపడానికి మేస్త్రి తొందరపెట్టాడు. గుమ్మం నిలబెడితేగాని గోడ లేవదు. ఇక లాభం లేదని, పేటలో తయారుగా దొరికే గుమ్మం కొనుక్కుంటామని చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ముందురాత్రంతా ఎలా చెప్పాలా అని మథనపడ్డాను. తీరా వెళ్లాక నా నోరు నా మాట వింటేగా!

"గుమ్మం నాదని అన్నానా లేదా?" అన్నాడు యలమందయ్య.

"అన్నావు. అప్పుడు నీకు రెండు చేతులున్నాయి!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. "అన్నయ్యా!" అంది వాడి భార్య రాఘవమ్మ, పొయ్యి దగ్గర్నుంచి లేచి. యలమందయ్య మాత్రం మొహం చిట్లించలేదు. "పెట్టె తియ్యవే" అన్నాడామెతో.

మంచం కింద నుంచి పెట్టె లాగింది. మూత ఎత్తి చూద్దును గదా, ఉలులన్నీ తెల్లటి పత్తిలో పడుకుని ఉన్నాయి! ఆయనకి నయమయ్యేదాకా వాటికి దెబ్బ తగలకూడదని, రాఘవమ్మ కూలికి వెళ్లిన చేలో తొలితీత పత్తి అడిగి తెచ్చి, గాడుల మీద మెత్తగా పరిచి, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. మంచులో ఏరిన పత్తి. ఆపైన తుఫాను ముసురు. ఒకటి ఎత్తి చూశాను. నా ఉలి, నా కమాను ఉక్కు, ఇటుక రంగులో ఉంది. ప్రాణం ఉసూరుమంది.

"ఎంత పని చేశావు చెల్లెమ్మా! పత్తి తాగినన్ని నీళ్లు గొడ్డు కూడా తాగదే! దూదేకులోడి ఇంటి పక్కన ఇన్నేళ్లు కాపురం చేసి ఒక్క మాట నన్నడిగితే నీ సొమ్మేం పోయేది?"

రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యలమందయ్యకి కోపం వచ్చింది, కానీ నా మీద.

"నోరు ముయ్యరా. పైపై తుప్పుకే పోయేదైతే అది ఉక్కేంటి? నువ్వు చేసింది ఉక్కేనా, రేకా?"

చూశారా దెబ్బ! ఒళ్లు మండిపోయింది. పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, ఇటుకపొడితో తోమి, సానరాయి మీద నూరి, ఆముదం రాసి, చూసినవాడి మొహం కనిపించేలా చేసి తీసుకెళ్లాను. అరుగు మీద పెట్టె తెరిస్తే వీధిలోవాళ్లంతా మూగారు. నీలంగా మెరుస్తున్న ఉలులు, పట్టి పట్టి నునుపెక్కి పండు ఖర్జూరం రంగు తిరిగిన పిడులు. పట్టుకుంటే వదలబుద్ధి కాదు. "అద్దాల బీరువాలో పెట్టుకోవయ్యా, ఇంటికే అందం" అన్నారెవరో. రాఘవమ్మ తలూపింది. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉందనిపించింది. చచ్చేదాకా నా పనితనం నలుగురూ చూస్తారు.

యలమందయ్య అదేం పట్టించుకోకుండా వెడల్పాటి ఉలి ఎడంచేత్తో తీసి, ఒక చెక్కముక్కని కాలికింద అదిమి తొయ్యబోయాడు. ఉలి పక్కకి జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. మూడోసారి బొటనవేలు గీరుకుపోయింది. వాడు పిడిని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇది కుడిచేతికి అలవాటుపడిందిరా ఖాజా. చూడు, బొటనవేలు ఆనే చోట పల్లం, అరచెయ్యి ఒరుసుకునే చోట పల్లం. ఎడంచేతికి ఇక్కడ మిట్టలు తగులుతున్నాయి. గీకెయ్యాలి."

"ఏం గీకాలి?"

"పిడులు. అన్నీ."

"ఓరి నీ దుంప తెగ! ఆ నునుపు రావడానికి ఎన్నేళ్లు పట్టిందిరా? ఊరంతా చూసి మెచ్చుకుంటుంటే వాటిని గీకుతావా? నువ్వు తాకినచోటల్లా నీ చెయ్యి అచ్చు పడి ఉంది వాటి మీద!"

"పడిపోయిన చెయ్యి అచ్చు నాకెందుకురా?" అన్నాడు వాడు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. విసవిసా ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఉండబట్టలేక వెళ్తే, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిడిని పాదాల మధ్య బిగించి, పగిలిన గాజుపెంకుతో ఎడంచేత్తో గీకుతున్నాడు. చుట్టూ ఎర్రటి పొట్టు. ఆ ఖర్జూరం రంగంతా పోయి, పిడి చర్మం వలిచినట్టు పాలిపోయి ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు కాసేపు గీకడం, ఎడమ పిడికిట్లో పట్టి చూసుకోవడం, తల అడ్డంగా ఊపి మళ్లీ గీకడం. పెట్టెలో ఒక్క పిడిని కూడా వదల్లేదు.

ఆ తర్వాత రోజూ అదే పని. వేప చెక్క ముక్కలు ముందేసుకుని ఎడంచేత్తో గీతలు గీయడం, గీత వెంట చెక్కడం, గీత తప్పితే తనని తనే బండబూతులు తిట్టుకోవడం. "ఎవర్నయ్యా అట్టా తిడుతున్నావు?" అని రాఘవమ్మ లోపల్నుంచి అడిగితే, "ఎడంచేతిని! బుద్ధి రావద్దూ దీనికి?" అని అరిచేవాడు. మేస్త్రికి ఏదో సర్దిచెప్పి ఆపాను. సాజిదా కూడా, "బాబాయి గుమ్మమైతేనే నిలబెడదాం నాన్నా, లేకపోతే పునాది అట్టాగే ఉండనీ" అని మొండికేసింది. ఎవరి మొండితనం ఎవరికి అంటుకుందో నాకు తెలీదు.

టేకు దుంగని సామిల్లులో కోయించి, నునుపు చేయించి తెచ్చాను. ఇక మిగిలింది గుమ్మం నిలువు చెక్కలకి బెజ్జాలు కొట్టడం. అక్కడ వచ్చింది చిక్కు. బెజ్జానికి ఒక చెయ్యి ఉలి పట్టాలి, ఒక చెయ్యి సుత్తితో కొట్టాలి.

"నేనుండగా నీకేంట్రా?" అని కొయ్యసుత్తి అందుకున్నాను. పుట్టినకాడ్నుంచీ కొట్టడమే గదా నా పని! వాడు ఉలి నిలబెట్టాడు. నేనొక్కటిచ్చాను. ఉలి పక్కకి ఒరిగి, గీత అవతల చెక్క పెచ్చు లేచింది.

"మొద్దు వెధవా! ఇది కమాను పట్టీ కాదురా! చెక్క ఇది, చెక్క!" అని సుత్తి లాక్కున్నాడు. లాక్కుని, నా వైపు చూడకుండా రాఘవమ్మ వైపు చాపాడు. "నువ్వు రా."

"హవ్వ! నేనేంటి, సుత్తేంటి?"

"ఊళ్లో సగం ఇళ్లకి కారం దంచావు. రోకలి ఎక్కడ పడాలో, ఎంత పడాలో నీ చేతికి తెలుసు. రా."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. సుత్తి ఎత్తింది. ఎత్తిన సుత్తిని కొట్టకుండానే దించేసింది.

"నావల్ల కాదయ్యా. గురి తప్పి చేతి మీద పడితే? నీకున్నది ఆ ఒక్క చెయ్యి."

"ఆ ఒక్క చెయ్యే నీ ముందు పెట్టాను. కొట్టవే."

రాఘవమ్మ ఏడుస్తూనే కొట్టింది. గట్టిగా కాదు, మెల్లగా కాదు. ఉలి గీత మీదే దిగి నిటారుగా నిలబడింది. కింద చెక్క మాత్రం కాస్త కదిలింది.

"చూస్తావేంరా, చెక్క జరుగుతోంది! ఎక్కి కూర్చో!" అని నా మీద అరిచాడు యలమందయ్య.

ఎక్కి కూర్చున్నాను.

"ఊఁ, కొట్టు" అన్నాడు ఆమెతో. కొట్టింది.