గవాచి కింద చోటు

నాకు గృహాలంకరణలో మొదటి తరగతి సర్టిఫికెట్ ఉంది. ఈ మాట చెబితే మా ఇంటికి వచ్చినవాళ్ళు నవ్వుతారు. గోడకు ఒక క్యాలెండరు తప్ప ఇంకేమీ ఉండదు. కుర్చీని ఇటునుంచి అటు జరపమన్నా నాకు చేతులాడవు. ఎందుకో చెప్పాలంటే మా నాయన మగ్గం సంగతి చెప్పాలి.

అరవైల మొదట్లో నేను అనంతపురంలో ఒక ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. మా ఇల్లు ధర్మవరంలో. వారమంతా అనంతపురంలో గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి పోయేదాన్ని. ఆ ఏడే మా బడిలో, పిల్లలు వెళ్ళిపోయాక, ఆడవాళ్ళకు వారానికి రెండు సాయంత్రాలు గృహాలంకరణ క్లాసులు పెట్టారు. చెప్పేది ఒక ఇంజనీరుగారి భార్య, బెంగళూరు ఆవిడ. వచ్చేవాళ్ళు చాలావరకు ఆఫీసర్ల ఇళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళు తమ డ్రాయింగు రూముల గురించి మాట్లాడుకుంటుంటే నేను పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేదాన్ని. మా ముందు గదిలో సగం మగ్గమే. వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడి పోవలసిందే. నాకు అది సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆవిడ బాగా చెప్పేది, అబద్ధమెందుకాడాలి. గదిలోకి కాలు పెట్టగానే చూపు ఎటు పోతుంది, ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది, అన్నీ బొమ్మ గీసి చూపించేది. అంతవరకూ ఇల్లంటే ఊడ్చుకునేది, అలుక్కునేది అనే నాకు తెలుసు. ఒకరోజు ఆవిడ ఒక సూత్రం చెప్పింది. ఇంట్లో అన్నిటికంటే మంచి వెలుతురు ఎక్కడ పడుతుందో కనిపెట్టి, మనుషులు కూర్చునే చోటు అక్కడ ఏర్పాటు చేయాలట. చివరి పరీక్ష కూడా అప్పుడే చెప్పింది. ఎవరింట్లో వాళ్ళు ఒక గదిని మార్చాలి, ఆవిడ వచ్చి చూసి మార్కులేస్తుంది.

ఆ ఆదివారం గ్రాఫు కాగితం పట్టుకుని పొద్దుగూకేదాకా ముందు గదిలోనే కూర్చున్నాను. మాది మట్టిమిద్దె. మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలిన కంత ఉంటుంది, దాన్ని గవాచి అంటాం. వానొస్తే దానిమీద రేకు మూయాలి. మా వైపు వానల సంగతి తెలిసిందే కదా, ఆ రేకు ఏడాదంతా గోడవారనే పడి ఉండేది. గంటగంటకూ వెలుతురు ఎక్కడ పడుతోందో కాగితం మీద గీసుకున్నాను. గీతలన్నీ ఒకే చోట కలిశాయి. నాయన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే చోట.

మగ్గం అక్కడే ఎందుకుందో ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు. నాకు ఆ కాగితం మీద కుర్చీలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"నాయనా, మగ్గం వెనక గదిలోకి మార్చుకుందాం," అన్నాను.

నాయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపాడు. "ఆడ చీకటి గదా పాపా. వెలుతురు యాడుంటే ఆడనే గదా గుంత తీసేది."

"బల్బు పెట్టిస్తాను నాయనా. ఇది నాకు పరీక్ష."

వసారాలో రాట్నం తిప్పుతున్న అమ్మ, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట," అంది. "ఏమ్మే, గుంత పూడుస్తారా యాడన్నా..." అని ఇంకా ఏదో చెప్పబోయింది.

"నువ్వు గమ్మునుండు," అన్నాడు నాయన. తర్వాత నావైపు తిరిగి, "మగ్గం మీదుండే చీర దిగనీ. ఆపైన నీ ఇష్టం," అన్నాడు.

చీర దిగింది. వెనక గదిలో కట్టెలు తీసేసి అక్కడ కొత్త గుంత తవ్వించాం. ముందు గదిలో పాత గుంతను మన్నుతో నింపి, పైన తాడిపత్రి బండలు పరిపించాను. మొదటి గంప మన్ను నేనే పోశాను, నా ఉత్సాహం అలాంటిది. నాయన పక్కన నిలబడి చూశాడు. అమ్మ పెరట్లోకి వెళ్ళి, పని అయ్యేదాకా లోపలికి రాలేదు. మామూలు కోపమే అనుకున్నాను. రెండు పేము కుర్చీలు, చిన్న బల్ల, దానిమీద నేను పూలు కుట్టిన గుడ్డ. గది నిజంగానే బాగుంది. ఆ మాట ఈనాటికీ కాదనలేను.

బెంగళూరు ఆవిడ రైల్లో వచ్చింది. గవాచి కింద కుర్చీలో కూర్చుని, తలెత్తి చూసి, చాలా బాగుందంది. తర్వాత మగ్గం చూస్తానంది. పట్టపగలు బల్బు వెలుగుతున్న ఆ గదిలో కాసేపు నిలబడి, "ఇక్కడ మీ కళ్ళకు కష్టంగా లేదా?" అని నాయనను అడిగింది.

"యాం కష్టమమ్మా? నా బిడ్డ బల్బు పెట్టిచ్చినాది గదా. పగలు మాదిరే ఉండాది."

నేను మురిసిపోయాను. ఆయన నాకోసం అబద్ధమాడుతున్నాడని ఆవిడకు తెలిసిందేమో, నాకు తెలియలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున నేను నీళ్ళు పోసుకుని వచ్చేసరికి, ముందు గదిలో బండల మీద ఒక చీర పరిచి ఉంది. షావుకారు తిప్పి పంపిన చీర. గవాచి వెలుతురులో ఎవరికైనా తెలిసిపోతుంది. సగం దాకా వంకాయ రంగు, అక్కణ్ణుంచి నేరేడుపండు రంగు. రెండు చీరలకు పట్టు దారం చుట్టిన కండెలు పక్కపక్క గంపల్లో ఉంటే, ఆ పసుపు బల్బు కింద ఆయనకు రెండూ ఒకటిగానే కనిపించాయి. మా వీధిలో రంగు కలిసిందో లేదో అనుమానమొస్తే కండెలు పట్టుకుని అందరూ నాయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన నేసిన చీర వెనక్కి రావడం అదే మొదలు. కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్నా ఆయన నేలమీదే కూర్చుని, రంగు మారిన చోట వేలు పెట్టి చూస్తున్నాడు.

"రేపే బండలు తీయించి గుంత మళ్ళీ తవ్విస్తాను నాయనా," అన్నాను.

"వద్దు పాపా. పూడ్చినంక తీయగూడదు," అన్నాడు.

ఎందుకని అమ్మను అడిగాను. ఆమె రాట్నం మీంచి తల ఎత్తలేదు.

"మన ఇంట్లో గుంత పూడ్చేది, ఆడ కూర్చున్న మనిషి పోయినంకనే. మీ తాతది అట్లనే పూడిస్తిమి. ఆ పొద్దు చెప్పబోతే మీ నాయన నా నోరు మూయించె. బిడ్డకు పరీచ్చ, చెప్పొద్దనె."

ఆ తర్వాత నాయన మగ్గానికి పట్టు ఎక్కించలేదు. అమ్మ పక్కన ఇంకో రాట్నం వేసుకుని, వీధిలో వాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కడుపు చల్లబడేదాకా ఒకసారి తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

సర్టిఫికెట్ మరుసటి ఏడు చేతికొచ్చింది. తెచ్చి పెట్టె అడుగున చీరల కింద దాచాను. నాయన మరిచిపోలేదు. "యాడుండాది నీ కాయితం?" అని అడిగి తీయించాడు. ఆయనకు చదువు రాదు. దాన్ని పట్టుకుని గది నడుమ నిలబడి నాలుగు గోడలూ చూసి, వెలుతురు బాగా పడే చోట మేకు కొట్టి తగిలించాడు.

"ఈడైతే అందరికీ కనపడతాది. వచ్చినోళ్ళు సదువుకుంటారు," అన్నాడు.

అరవైలు గడవకముందే నాయన పోయాడు. కర్మలన్నీ అయ్యాక, ఇంటి ఆచారం తెలిసిన పెద్దాయన ఒకాయన గుంత పూడ్చాలి కదా అన్నాడు. వెనక గదిలో తవ్వుకున్న గుంత ఉందిగా అన్నారు ఇంకెవరో.

"అది ఆయనది గాదు," అంది అమ్మ. "ఆయనది ముందే పూడ్చినాం గదా."

పూడ్చిన రోజు ఆమె పెరట్లో ఉంది. మన్ను పోసింది నేను.