అమ్మ అంటించిన ఎర్ర బాణాలు

సోమవారం పొద్దున బొమ్మనహళ్ళి ఇంట్లో అమ్మ పోయింది. గుండెపోటు. అరవై రెండేళ్లు. విలేకరిగా నేను వార్తలో ముందు రాయవలసినవి ఇవే. మిగిలింది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

అమ్మ హోసూరు రోడ్డు పక్కన గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకర్. కుట్టిన చొక్కాలో లోపం కనబడితే, సరిగ్గా అక్కడ చిన్న ఎర్ర బాణం స్టిక్కర్ అంటించి వెనక్కి పంపడం ఆమె పని. "ఊరికే బాగలేదంటే ఎట్లప్పా? యాడ బాగలేదో చూపించల్ల" అనేది. కూరలో ఉప్పెక్కువైందని నాన్న అంటే, "ఏ ముద్దలో?" అని అడిగేది.

రెండువేల దశకం మధ్యలో నేను పీయూసీలో, అంటే ఇంటర్‌లో ఉన్నాను. పదహారేళ్లు. ఒక స్నేహాల వెబ్‌సైటులో ఎవరో నా పేరుతో దొంగ పేజీ తెరిచారు. కాలేజీ డే ఫొటో, మా ఇంటి ఫోన్ నంబరు, నేను ఎన్నడూ అనని మాటలు. ఫోన్లు మొదలయ్యాయి. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. మూడో వారం అమ్మ ఎత్తింది.

"ఆ పాప అమ్మని మాట్లాడతా ఉండా. చెప్పప్పా, ఏం గావల్ల? మీయమ్మ ఇంట్లో ఉండాదా? ఆయమ్మకియ్యి ఫోను."

అవతలివాడు పెట్టేశాడు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. కాలేజీ మానేస్తానన్నాను.

"మానేది తర్వాత చూద్దాం. ముందు అదేందో చూపించు."

ఇంటర్నెట్ సెంటర్లో అన్నీ ప్రింటు తీయించింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాగితాలు నేలమీద పరిచి నాతో చదివించింది. నేను ఆగిపోతే, "నువ్వు రాసింది గాదు గదా, చదువు" అనేది. అబద్ధమని చెప్పిన ప్రతిచోటా ఒక బాణం అంటించింది. ఫొటో దగ్గరికి వచ్చేసరికి దానిమీద అంటించడానికి స్టిక్కర్ నేనే తీశాను. చెయ్యి పట్టుకుంది.

"దీంట్లో ఏం తప్పుండాది? నవ్వతా ఉండావు, అంతే గదా."

గొడవ సద్దుమణిగేదాకా అమ్మాయిని ఇంట్లో ఉంచండి, లేదా టీసీ తీసుకోండి అన్నారు ప్రిన్సిపాల్. అమ్మ కాగితాలు బల్లమీద పెట్టి కన్నడలో అడిగింది: బాణాలన్నీ రాసినవాడి మీదే ఉన్నాయి కదా సార్, పాప ఎందుకు ఇంట్లో కూర్చోవాలి? ఆయన కాగితాలు రెండుసార్లు తిప్పారు. టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ పేజీ పోవడానికి నెల పట్టింది. తెరిచిందెవరో తెలియనే లేదు. ఆ నెలంతా ఫోన్ అమ్మే ఎత్తింది.

నాలాంటి పిల్లల గురించి తర్వాత చాలా వార్తలు రాశాను. మొదట అడిగేది ఒకటే: ఇంట్లో ఎవరికి చెప్పావు? ఎవరికీ చెప్పలేదన్న జవాబు విన్న రోజు, ఆఫీసుకు వెళ్ళేలోగా అమ్మకు ఫోన్ చేసేదాన్ని. ఏమీ చెప్పేదాన్ని కాదు. "తిన్నావా?" అనేది. ఆ రెండు నిమిషాల కోసం ఇప్పుడు ఏ నంబరు నొక్కాలి?

ప్రిన్సిపాల్‌ను కలిసిన మర్నాడు అమ్మ నాతోపాటు బస్సెక్కింది. కాలేజీ గేటు దగ్గర, "పో. నేనీడే ఉంటా" అంది. ఫ్యాక్టరీకి ఆలస్యమైతే సూపర్‌వైజర్ అరుస్తాడని ఇద్దరికీ తెలుసు. మేడమీద క్లాసులోంచి చూశాను. రోడ్డుకు అవతల, కొంగు తలమీద కప్పుకుని ఎండలో నిలబడి ఉంది. నాది ఏ కిటికీయో తెలియక, ఒక్కో కిటికీనీ వరసగా చూస్తోంది.