చిక్కుడుకాయ కూర ప్రశ్న

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతు దాటలేదు. మా ఆయనకు చెప్పలేదు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో ఇన్నేళ్లు కూర్చున్నావిడకూ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. ఎరిగినవాళ్లంతా నన్ను మంచి టీచరంటారు. మోయలేనిది ఆ పేరే.

భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. ఏటా పిల్లల చేత ప్రాజెక్టులు చేయించాలి. అంతకుముందు ప్రశ్న వెతుక్కోవడం నేర్పాలి. అది నాకు బాగా వచ్చు. ‘గ్రామీణ సమస్యలు’ అని రాసుకొచ్చినవాణ్ణి నిలబెట్టి, ఏ ఊరు, ఎవరి సమస్య, ఎప్పటి నుంచి, ఎవరినడిగితే తెలుస్తుంది అని తవ్వుతూ తవ్వుతూ గుప్పిట్లో పట్టేంత ప్రశ్న దాకా తీసుకొచ్చేదాన్ని. జవాబు ముందే తెలిస్తే అది ప్రశ్నే కాదనేదాన్ని. పిల్లలు లోపల తిట్టుకునేవారు.

కానీ నాకంటూ ఒక్క మంచి ప్రశ్న పుట్టలేదు. పీహెచ్‌డీకి ఏడేళ్లు పట్టింది. వైవాలో ఒక పెద్దాయన నా పుస్తకం తిరగేసి, సమాచారం చాలా ఉందమ్మా, ఇందులో నీ ప్రశ్న ఏది అన్నాడు. డిగ్రీ అయితే ఇచ్చారు. మా సొంతూరు వేంసూరులో అందరికీ మిఠాయి పంచాను. ఆయనన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఫైనలియర్‌లో ఒక కోయ అమ్మాయి ఉండేది. సమ్మక్క అనుకోండి, అసలు పేరు కాదు. చివరి బెంచీ. క్లాసులో నోరు విప్పేది కాదు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చి, నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం నా ముందు పెట్టింది. వాళ్ల ఊళ్లో కొత్త పంట ఏదైనా ముందు పండుగ చేసి, దేవతకు పెట్టాకే నోట పెడతారు. చిక్కుడుకాయకూ ఒక పండుగ ఉంది. కాగితం మీద ఇలా రాసి ఉంది: చిక్కుడు పండుగ కాకముందే హాస్టల్లో చిక్కుడుకాయ కూర వడ్డిస్తే మా ఊరి పిల్లలు ఏం చేస్తారు? ఇంటికి వెళ్లాక ఆ సంగతి చెబుతారా, దాస్తారా?

రెండుసార్లు చదివాను. చిన్నది. జవాబు ఎవరికీ తెలియదు, కానీ అడిగితే తెలుస్తుంది. ఆ రెండు వాక్యాల్లో ఊరుంది, బడి ఉంది, దేవత ఉంది, పిల్లల భయం ఉంది. ఏడేళ్లు లైబ్రరీల చుట్టూ తిరిగిన నాకు దొరకనిది, ఈ పిల్లకు హాస్టల్లో కంచం ముందు కూర్చుంటే ఎలా దొరికింది? నేర్పింది నేనే కదా, సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అదీ ఇరవై ఏళ్ల పిల్ల మీద. ఛీ!

ఈ ప్రాజెక్టులకు ఏటా జిల్లా పోటీ ఉంటుంది, అందులో నెగ్గితే హైదరాబాద్ పంపిస్తారు. అక్కడి ప్రొఫెసర్ల కంట్లో పడితే పీజీకి దారి దొరుకుతుందని ఆమె ఆశ. అది కూడా నాకు తెలుసు.

“ఇదేం ప్రశ్న? కూరల మీద పరిశోధన చేస్తారా ఎవరైనా?” అన్నాను.

“గట్ల కాదు మేడం. నేను ఒకపారి తినకుండ పక్కకు పెట్టిన. మా చెల్లె తిన్నది. ఇంట్ల చెప్పలే. అందరు గిట్లనే చేస్తరా అని అడగాలనిపించింది.”

“మీ ఇంటి సంగతులు ఎవరికి కావాలి? పెద్దగా ఆలోచించు. గిరిజన సంస్కృతిపై ఆధునిక విద్య ప్రభావం అని పెట్టు.”

“మీరే కదా మేడం, ప్రశ్న గుప్పిట్ల పట్టేంత ఉండాలన్నరు?”

“అది క్లాసుకు. ఇది పోటీకి.”

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. “అవ్ మేడం. మీకు తెల్వదా ఏంది” అని కాగితం మడిచి తీసుకుపోయింది.

కోపంలో నోరు జారానని అనుకోకండి. ప్రశ్నను బాగుచేయడం తెలిసినదానికి పాడుచేయడం ఇంకా బాగా తెలుస్తుంది. చిన్నది చెయ్యి, చిన్నది చెయ్యి అని పదేళ్లు చెప్పిన నోటితోనే దాన్ని పెంచి పెంచి ఎందుకూ కొరగాకుండా చేశాను.

ఖమ్మంలో పోటీ జరిగింది. సమ్మక్క వేదికెక్కి, పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకొచ్చిన పేజీలు చదివింది. జడ్జిల్లో ఒకావిడ మెల్లగా, అంతా బాగానే ఉందమ్మా, ఇంతకీ నువ్వు తెలుసుకోవాలనుకున్నదేమిటి అని అడిగింది. సమ్మక్క నా వైపు చూసింది. నేను ఫైలు సర్దుకుంటున్నట్టు తల దించాను. సిగ్గుతోనా? అబద్ధమెందుకు, నాకు ఆ నిమిషం హాయిగా ఉంది. నాకు లేనిది దానికీ లేకుండా పోయింది. ఈ ఒక్క ముక్క రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

తిరుగు బస్సులో కొత్తగూడెం దాటాక తనే నన్ను ఓదార్చింది. మీరు మంచిగనే చెప్పిన్రు మేడం, నాకే చేయరాలే అంది. సంచిలోంచి అరటిపండు తీసి, ఒలిచి, సగం నాకిచ్చింది. తిన్నాను.

ఆమె పీజీకి వెళ్లలేదు. బీఎడ్ చేసి, ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. మొన్న తన దగ్గర చదివిన ఒక అమ్మాయిని మా కాలేజీలో చేర్పించడానికి వచ్చింది. వరండాలో ఆ పిల్ల వాళ్ల ఊరి వాగులో చేపల గురించి నన్నేదో అడగబోయింది. సమ్మక్క నవ్వుతూ దాని భుజం తట్టింది.

“గసుంటి చిన్న చిన్నయి మేడంను అడగొద్దు బిడ్డా. పెద్దగ ఆలోచించాలె. నాకు మేడమే నేర్పిన్రు.”

గౌరవంగానే అంది. ఎత్తిపొడుపు మచ్చుకైనా లేదు. ఉంటే బాగుండేది. ఆ పిల్ల నోరు మూసుకుంది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నాలుక మీదికి వచ్చింది. అడ్మిషన్ ఫారం ఏ గదిలో ఇవ్వాలో చెప్పి లోపలికి వచ్చేశాను. నా పరువు పోతుందనా? లేక ఆ కాగితం గుర్తొస్తే నాకింకా మండుతుందా? మండుతుంది. ఇవాళ్టికీ మండుతుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఒక్కమాట మాత్రం నా చేతి రాతతో ఎక్కడో ఒకచోట ఉండాలి. సమ్మక్కా, నీ ప్రశ్న మంచి ప్రశ్న. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా బల్ల మీదికి అంత మంచిది ఇంకోటి రాలేదు. అది నాకు మొదటిసారి చదివినప్పుడే తెలుసు.

హమ్మయ్య. రాశాను.