ట్యూనా డబ్బాలకు పెట్టిన సంతకాలు

తాక్ మల్‌సూన్ అక్క కొరియాలోని దేగు నగరంలో మా విశ్వవిద్యాలయంలో పందొమ్మిదేళ్లు నేల తుడిచింది. లైబ్రరీ నాలుగంతస్తులూ ఆమెవే. నాకు పని నేర్పింది ఆమే.

ఆ యేడు చుసోక్ పండగకు ముందు ఆఫీసు నుంచి నమ్ సార్ వచ్చాడు. కానుకగా ట్యూనా చేప డబ్బాల పెట్టెలు పంచి, మా పద్దెనిమిది మంది చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. కాగితం పై భాగం మడిచి ఉంది. కానుక ముట్టినట్టే కాబోలు అనుకున్నాం.

పండగ వెళ్లిన వారానికి నోటీసు అంటించారు. శుభ్రం చేసే పని బయటి కంపెనీకి ఇస్తున్నారట. సిబ్బందిని సంప్రదించారట, ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. కింద మా సంతకాలు!

అక్కను చిన్నప్పుడు బడికి పంపలేదు. యాభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకుంది.

"ఈ పేరు రాయడానికి నాకు రెండు చలికాలాలు పట్టిందే! దీన్నా వీడు దొంగిలించింది?" అంది. మా వైపు తిరిగి, "పెట్టెలు పట్టుకురండి" అంది.

"నేను సగం తినేశానక్కా" అన్నాను.

"మిగతా సగం తే."

మధ్యాహ్నం వెళ్లి నమ్ సార్ బల్ల మీద పెట్టెలన్నీ పేర్చాం.

"ఏంటమ్మా ఇదంతా?"

"మీ సంప్రదింపులు సార్, వెనక్కి తెచ్చాం. మమ్మల్ని అడిగామని రాశారే, ఏ రోజు అడిగారు? నేనేమన్నాను?"

"మీకివన్నీ అర్థం కావు. కంపెనీ వచ్చినా మీ పనులు ఎక్కడికీ పోవు."

"ఆ ముక్కే కాగితం మీద రాయండి. ఇక్కడే సంతకం పెడతా."

ఆయన కలం ముట్టుకోలేదు.

మర్నాడు లైబ్రరీ గోడ మీద అక్క పెద్ద కాగితం అంటించింది. "నన్ను ఎవరూ అడగలేదు. తాక్ మల్‌సూన్." అందులో రెండు అక్షరాలు తప్పు. నవ్వుతారేమోనని నేను భయపడ్డాను. మూడు రోజుల్లో విద్యార్థులు ఆ గోడంతా చీటీలతో నింపేశారు. "మమ్మల్నీ అడగలేదు" అని ఒకరు, "మా అమ్మదీ ఇదే పని" అని మరొకరు.

చివరికి పైవాళ్లకు సభ పెట్టక తప్పలేదు. అక్కకు మూడు నిమిషాలిచ్చారు. ఆమె పావుగంట మాట్లాడింది, ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లైబ్రరీ, తరగతి గదులు మాకే ఉంచారు. హాస్టళ్లు మాత్రం కంపెనీకి ఇచ్చేశారు. అక్కడి నలుగురిలో ఇద్దరిని కంపెనీ మూడు నెలలకే మాన్పించింది. నమ్ సార్‌కేమో పై అంతస్తులో పెద్ద గది వచ్చింది.

"అయినా గెలిచాం కదక్కా" అన్నానొకసారి.

"ఆ ఇద్దరి మొహం చూసి అను ఆ మాట" అని కసిరింది.

రిటైరయ్యే దాకా అక్క ప్రతి సోమవారం అన్నం వేళ హాస్టల్ గేటు ముందు, ఆ ఇద్దరినీ తిరిగి తీసుకోమని రాసిన అట్ట పట్టుకుని నిలబడింది. ఒకామెను తిరిగి తీసుకున్నారు. రెండో ఆమెను తీసుకోనేలేదు.