సబీహా బిగించిన కార్డు

వించిపేటలో పెళ్లి జరిగితే ఆడవాళ్ల వైపు తీసిన వీడియో ఎడిటింగ్‌కు సబీహా దగ్గరికే వస్తుంది. పరాయి మగవాడి కంట పడదన్న నమ్మకం అది. రెండువేల నాలుగులో ఆమె పాత కంప్యూటర్‌లో బొమ్మ అడుగడుక్కీ ఆగిపోసాగింది. ఆఫ్రీన్ పెళ్లి వీడియో మర్నాటికి ఇచ్చేయాలి. బొమ్మ ఆగకుండా ఆడేందుకు గ్రాఫిక్స్ కార్డు కొంటే, అమ్మిన జ్ఞానేశ్వర్, “కంప్యూటర్ పెట్టె తెచ్చెయ్యండమ్మా, బిగించి, ఆడించి చూసిస్తా” అన్నాడు. “మీరు ఆడించి చూస్తారనేనండీ నా భయం. ఎలా బిగించాలో చెప్పండి చాలు” అంది సబీహా.

ఏ పనికైనా ముందు గాజులు తీసి మేకుకు తగిలించడం ఆమె అలవాటు. ఆ రోజూ తగిలించి, పెట్టె విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, కార్డును రెండు బొటనవేళ్లతో టక్కుమనేదాకా నొక్కింది. టార్చి పట్టుకున్న తల్లి నజీమా, “కుట్టుమిషననుకున్నావే?” అని సణిగింది. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. “ఆ టీవీ వైరు పాతచోటే ఉంది కదే” అంది నజీమా. సబీహా ఆ మానిటర్ వైరు కొత్త కార్డుకు మార్చగానే తెర వెలిగింది. వీడియో ఆడిస్తే, పసుపు ముఖంతో ఆఫ్రీన్ నవ్వు ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. సబీహా కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడింది. నజీమా టార్చి ఆర్పడం కూడా మరిచి, గబగబా వెళ్లి వీధి కిటికీకి పరదా లాగి వచ్చింది.

“ఇప్పుడు మొదట్నుంచి వెయ్యి” అంది.