నల్ల చీటీ కట్టిన అమ్మాయి

రిజర్వు సైన్యంలో నర్సింగ్ ఆఫీసరుగా చేరినప్పుడు నాకు నలభై ఐదేళ్లు. అప్పటికే కేంబ్రిడ్జ్‌లో ఎమర్జెన్సీ నర్సుగా పదహారేళ్లు చేశాను.

"ఈ వయసులో బూట్లేసుకుని పరేడ్లేంటి నీకు?" అన్నారు మావారు.

దేశానికి ఏదైనా చెయ్యాలని ఉందన్నాను. ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాను. అసలు సంగతి వేరు. వార్డులో నా తర్వాత వచ్చినవాళ్లు నాకే పై అధికారులయ్యారు. భుజం మీద హోదా ఉంటే నా మాట వింటారనిపించింది.

చేరిన రెండో ఏడు నవంబరులో ఒక శనివారం పెద్ద డ్రిల్లు పెట్టారు. బాంబు పేలి ముప్ఫై మంది గాయపడ్డారనుకోవాలి. ఎవరికి ముందు వైద్యం చెయ్యాలో చూసి, మెడలో రంగు చీటీలు కట్టాలి. నల్ల చీటీ అంటే ఇక బతకరని. వాళ్ల దగ్గర ఆగకూడదు. గాయపడ్డవాళ్లుగా నటించడానికి ఒక ఏజెన్సీ కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చింది. ఆ రోజుల్లో ఏ పనికి పిలిచినా మన తెలుగు పిల్లలే ముందు వరసలో ఉండేవారు.

మేకప్ డేరాలో ఒకమ్మాయి ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే వెళ్లి పలకరించాను.

"ఏ ఊరమ్మా?"

"నల్గొండ దగ్గర, ఆంటీ. వేర్‌హౌస్‌ల షిఫ్ట్‌లు కట్ చేసిన్రు. అందుకే ఇటొచ్చిన."

పల్చటి హుడీ, గుడ్డ బూట్లు. కాళ్లు నుజ్జయ్యాయని, కడుపులో రక్తస్రావమని ఆమెకిచ్చిన గాయాల కార్డు మీద రాసి ఉంది. ఎవరి భాషలో వాళ్లు ఏడవండి, నిజంలా ఉంటుందని డ్రిల్లు నడిపే ఆయన చెప్పాడు. నిజంగానే ఏమైనా అయితే మాత్రం "నో డఫ్" అని అరవాలి. ఆ మాట వింటే డ్రిల్లు ఆగిపోతుంది.

వాన పట్టుకుంది. నేను ఆమె దగ్గరికి చేరేసరికి బురదలో పడుకుని గంటన్నర దాటింది. మార్కులు వేసే అధికారి నా వెనకే ఉన్నాడు. ఆమె నా చేతిని పట్టుకుంది.

"ఆంటీ, నా కాళ్లు తెలుస్తలేవు. సలి, ఆంటీ."

ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను. చెయ్యి మంచుగడ్డలా ఉంది. వానలో అందరి చేతులూ అంతేనని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమెలో వణుకు లేదు. అంత చలిలో మనిషి వణకడం మానేస్తే ప్రాణం మీదికొచ్చినట్టేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా కార్డులో ఉన్నదాన్ని బట్టే నల్ల చీటీ కట్టి, "కాస్త ఓర్చుకో అమ్మా" అని ముందుకెళ్లిపోయాను. వెనక నుంచి రెండుసార్లు పిలిచింది.

విజిల్ వేశాక పిల్లలంతా లేచి టీ బండి వైపు పరిగెత్తారు. ఆమె లేవలేదు. "నో డఫ్" అని అరిచింది నేనే. తడి బట్టలు కత్తిరించి, దుప్పట్లు చుట్టి, అంబులెన్సు వచ్చేదాకా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. పిలిస్తే ముద్దముద్దగా ఏదో అనేది.

బతికింది. మూడో రోజు ఆస్పత్రికి వెళ్లాను.

"ఆ మాట అనాల్నని ఎర్కే, ఆంటీ. యాదికి రాలే. మీరు తెలుగుల మాట్లాడిన్రు గదా, మీకు సమజైందనుకున్న."

అర్థమైందమ్మా అనలేకపోయాను. క్షమించమని కూడా ఆ రోజు అడగలేదు.

వణుకు లేకపోవడం గమనించానని రిపోర్టులో రాశాను. మా పై అధికారి అది చదివి, "మీరు నియమం ప్రకారమే చేశారు" అన్నాడు. నా మార్కుల కాగితంలో, అభ్యర్థి అనవసరంగా ఎక్కడా ఆగలేదని మెచ్చుకోలు ఉంది. దాన్ని కొట్టేయమని అడిగాను. కొట్టేయలేదు. మరో ఏడాది ఆ యూనిఫాం వేసుకుని, తర్వాత రాజీనామా చేశాను.

ఆ అమ్మాయికి కాలివేళ్ల తిమ్మిరి చాలాకాలం పోలేదట. నిలబడి చేసే పనులన్నీ మానుకుంది. ఈ సంగతులు ఆమె రూమ్మేట్ చెప్పింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ రూమ్మేటే ఎత్తి, "పండుకుంది, ఆంటీ" అనేది. వెనకాల ఆ అమ్మాయి మాటలు నాకు వినబడుతూనే ఉండేవి.